ఎడంచేతి బొమ్మ

చిన్నప్పుడు నాకు జాలి లేదు. ఉండేదని ఈ వయసులో బుకాయించడం తేలిక కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

పంతొమ్మిదివందల యాభైల్లో మా చోడవరంలో పిప్పరమెంటు పొట్లంతో పాటు క్రికెట్ ఆటగాడి బొమ్మ ఒకటి వచ్చేది. పలచటి అట్ట, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. బొమ్మలు పిల్లలందరి దగ్గరా ఉండేవి. వాటిలో తేడా బొమ్మ ఏదో చెప్పగలిగినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. అంచు వంకరగా తెగితే అది కత్తెర తప్పు, దానికి విలువ లేదు. టోపీ రంగు చొక్కా మీదికి కారినా లేదు. వెనక అంకె పడకపోయినా, నీలం టోపీ గోధుమరంగులో వచ్చినా, అదీ తేడా బొమ్మ అంటే.

చెరుకు నరికిన మడిలో ఆదివారం ఆట. మా కట్టుబాటు ఒకటే. అన్నిటికంటే అరుదైన తేడా బొమ్మ ఎవడిదైతే వాడే నాయకుడు. ముందు బ్యాటు వాడిదే, వాడు రమ్మన్నవాడే జట్టులో ఉండాలి. అంకె లేని బొమ్మ నాది. అందుకని ఏడాదిగా నాయకుణ్ణి నేనే.

మా తరగతిలో ఎడంచేతివాటం కుర్రాడొకడు ఉండేవాడు. వాళ్ళ నాన్న మా బెల్లం పొయ్యి దగ్గర మంట ఎగదోసేవాడు. ఎడం చేత్తో రాస్తే మాస్టారు వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఎడం చేత్తో బ్యాటు పడితే అరిష్టమని మేం వాణ్ణి ఆటలోకి రానిచ్చేవాళ్ళం కాదు. బంతి ఏరుకొచ్చి ఇవ్వడమే వాడి పని. ఒకసారి గట్టు అవతల ఒంటరిగా కొబ్బరిమట్టతో కొడుతుంటే చూశాను. మా అందరికంటే బాగా కొడుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఒక శనివారం బడి వదిలాక వాడు పరుగెత్తుకుంటూ వచ్చి చొక్కా లోపలి నుంచి బొమ్మ తీశాడు.

"ఒరే, సూడు. ఈయన కూడా నాలాగే. ఎడం సేత్తోనే ఆడతన్నాడు. ఇది అసలుదేనని నువ్వు సెప్తే రేపు నన్నూ ఆడనిస్తారు."

అదే ఆటగాడి మామూలు బొమ్మ నా దగ్గర ఉంది. అందులో ఆయనది కుడిచేతి ఆట. ఇది కుడిఎడమలు తిరగబడి అచ్చయింది, చొక్కా జేబు కూడా కుడివైపు ఉంది. అలాంటి బొమ్మ ఒకటి ఉంటుందని నేను విననైనా లేదు. దీని ముందు నా అంకె లేని బొమ్మ చిత్తుకాగితం. రేపటి నుంచి నాయకుడు వాడే.

నాకు రెండు నిజాలు తెలుసు. వాడికి ఒకటే చెప్పాను.

సంచీలోంచి నా మామూలు బొమ్మ తీశాను. వాడిదాన్ని వెనక్కి తిప్పి, అట్టలోంచి బొమ్మ కనిపించేలా ఎండకి పట్టి, నాది పక్కన పెట్టాను. రెండూ ఒకేలా కనిపించాయి.

"ఈయన నీలాగ కాదురా. కుడిసేతివోడే. ఇది అచ్చు తప్పు. ఎడం సేత్తో ఆడేవోళ్ళు ఎక్కడా ఉండరు."

చివరి మాట అబద్ధం. అడక్కుండానే నోట్లోంచి వచ్చేసింది. వాడు ఆ జేబు మీద వేలు పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. పోనీ నా మంచి బొమ్మ తీసుకో, అది నాకిచ్చెయ్యి అన్నాను, దయతలిచినట్టు. ఇచ్చేశాడు.

ఆదివారం ఆ బొమ్మని అందరికీ చూపించి, అది ఎంత అరుదైనదో విడమరిచి చెప్పాను. వాడు గట్టు మీద కూర్చుని అంతా విన్నాడు. దెబ్బలాటకి వస్తాడనుకున్నాను. వస్తే తన్నడానికి సిద్ధంగానే ఉన్నాను.

"బొమ్మ నువ్వే ఉంచుకో. నన్నొక్కసారి ఆడనీ," అన్నాడు.

నలుగురిలో గొప్పగా ఉంటుందని సరేనన్నాను. వాడు బ్యాటు అందుకుని నిలబడ్డాడు. పిడి మీద చేతులు అటూ ఇటూ మార్చుకున్నాడు.

"మరి నాను ఏ సేత్తో ఆడాల్రా?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడుగుతున్నాడు. బొమ్మల సంగతి తెలిసినవాణ్ణి కదా నేను.

"కుడిసేత్తో," అన్నాను.

మొదటి బంతికే ఔటయ్యాడు. అందరికంటే ముందు నేనే నవ్వాను.

సోమవారం బళ్ళో వాడు పలక మీద కుడి చేత్తో రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మాస్టారు వాడి వీపు తట్టి, "ఇన్నాళ్ళకి దార్లోకొచ్చేవు," అన్నారు.