బావ డీటీపీ షాపులో నా లినక్స్

పూర్ణా మార్కెట్ దగ్గర మా బావకి చిన్న డీటీపీ షాపు ఉంది. పాత కంప్యూటర్ కొత్త విండోస్‌ని తీసుకోనంటే, నిన్న నేనే పనిగట్టుకుని వెళ్లి లినక్స్ వేసి వచ్చాను. ఉచితం, వేగం అంటూ గంటసేపు ఊదరగొట్టాను కూడా.

ఈ రోజు పొద్దున్నే బావ ఫోను. "బావా, ఓసారొచ్చి సూడు. తెలుగంతా పోనాది."

వెళ్లేసరికి జాలరిపేట ఎల్లమ్మగారు షాపులో కూర్చుని ఉన్నారు. చేపలమ్మే ఆడవాళ్లకి నీడ, నీళ్లు కావాలని ఆవిడ రాయించిన అర్జీ మధ్యాహ్నం అధికారులకి ఇవ్వాలి. పెన్‌డ్రైవ్‌లో దాచిన ఆ ఫైలు తెరిస్తే తెలుగు బదులు ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు. బావ ఇన్నేళ్లూ వాడిన తెలుగు ఫాంటు పాత విండోస్‌తో పాటే తుడిచిపెట్టుకుపోయింది.

"నాను దేంతో టైపు సేత్తానో ముందు అడగొచ్చు కదా" అన్నాడు బావ.

లినక్స్‌తో వచ్చిన తెలుగు కీబోర్డు బావకి అలవాటు లేనిది, చివరికి నేనే కూర్చున్నాను. ఆవిడ చెబుతుంటే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేసరికి రెండు గంటలు పట్టింది. పాతదాంట్లో మర్చిపోయిన మరుగుదొడ్డి సంగతి కూడా ఈసారి చేర్పించారు. మొత్తం చదివించుకుని, "ముందుదాని కంటే ఇదే బాగుంది బాబూ" అని కాగితం పట్టుకుని ఆటో ఎక్కేశారు.

నేను కాస్త గర్వంగా బావ వైపు చూశాను.

"పాత విండోస్ ఎప్పుడేత్తావ్?" అన్నాడు.

రేపు వెళ్తున్నాను. లినక్స్ మంచిదన్న మాట మీద ఇప్పటికీ ఉన్నాను. కానీ అవతలి మనిషి పనేమిటో అడక్కుండా ఉద్ధరించబోయేది నేనొక్కణ్ణేనా, మీలో ఇంకెవరైనా ఉన్నారా?