కొత్త డబ్బాలో చెత్త ఎవరు వేస్తారు?

మొన్న హైదరాబాదులో ఒక బకెట్ల దుకాణం ముందు నుంచి నడుస్తుంటే, ఎండకు వేడెక్కిన కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. అందరూ ముక్కు చిట్లించే ఆ వాసనకి నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. తొంభైల నడుమ దోహాలో, మెసైమీర్ దగ్గర మేమున్న వీధికి పచ్చటి చెత్త డబ్బాలు దిగిన రోజు వీధి వీధంతా ఇదే వాసన.

మా వీధి అంటే రెండు వరసల కంపెనీ ఇళ్ళు, మధ్యలో ఇసుక. పొద్దున్నే మూలమీది కొట్టు నుంచి వేడి ఖుబ్బూస్ రొట్టెల వాసన, మధ్యాహ్నం మలయాళీ టీచరమ్మ ఇంట్లో కొబ్బరినూనె తాలింపు, సాయంత్రం పక్కింటి క్వామే అంకుల్ వాళ్ళ వేరుశనగల పులుసు ఘాటు, ఉగాది వచ్చిందంటే ఊరి నుంచి ఎవరో మోసుకొచ్చిన ఎండు వేపపువ్వుని అమ్మ చిటికెడంటే చిటికెడు వేసి కలిపే పచ్చడి. ఈ వాసనలన్నిటినీ మింగేసేది ఒకటుండేది. వీధి చివర, మూతలేని ఇనప చెత్త తొట్టి! పిల్లులు సంచులు చీల్చేవి, ఈగలు జుయ్యిమనేవి, గాలి అటు నుంచి వీచిందా, అన్నం సహించేది కాదు. మా క్రికెట్లో బంతి దాన్ని దాటితే సిక్సరు, అందులో పడితే అవుట్, కొట్టినవాళ్ళే దిగి తేవాలి.

నాన్న చెత్త ఎత్తే కంపెనీలో ఇంజనీరు. క్వామే అంకుల్‌ది ఘనా దేశంలోని అక్రా, ఆయనా అదే ఆఫీసు. ఇంటింటికీ చక్రాలూ మూతా ఉన్న డబ్బా ఇచ్చి, దాన్ని మరచేతులతో ఎత్తి వంచుకునే బండిని వారానికి రెండుసార్లు పంపాలని ఇద్దరూ కలిసి ఆలోచించారు. ముందు మా వీధిలో చేసి చూపించమన్నాడు మేనేజరు. జనం డబ్బాలు వాడకపోతే ఆ పథకమూ ఆగిపోతుంది, నాన్న ఉద్యోగమూ పోతుంది. కుదిరితే క్వామే అంకుల్ దాన్ని తన ఊరికి తీసుకెళ్తాడు. ఆ నెలంతా మా ఇంట్లో చెత్త మాట తప్ప మరో మాట లేదు.

డబ్బాలు దిగాయి. ఎంత నున్నగా, ఎంత నిగనిగలాడుతూ ఉన్నాయో! మేం వాటిలో కూర్చుని ఒకళ్ళనొకళ్ళం తోసుకున్నాం. అమ్మ మాత్రం మూత ఎత్తి చూసి, దాని పక్కల మీద వేలితో కొట్టి చూసి, "ఇంత చక్కటి డబ్బాలో చెత్త వేస్తే కళ్ళు పోతాయే!" అంది. శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, బస్తా సోనామసూరి అందులో పోసి, స్టోర్‌రూమ్‌లో పెట్టి పైన పాత చీర కప్పేసింది. నాన్న ఆ గది గుమ్మం తొక్కే మనిషి కాదు. చెత్త సంచులు యథాప్రకారం ఇనప తొట్టిలోకే వెళ్ళాయి.

గురువారం బండి మొదటిసారి వచ్చే రోజు, చూడ్డానికి మేనేజరూ వస్తానన్నాడు; అక్కడ గురు, శుక్రవారాలు మాకు బడి సెలవు. ఇస్త్రీ చొక్కా వేసుకుని నాన్న గేటు దగ్గర నిలబడ్డారు. వీధి మొదట్లో కొత్త బండి పీప్ పీప్ అంటూ తిరుగుతోంది. ఒక్క గేటు ముందు కూడా డబ్బా లేదు. నాన్న గిర్రున అమ్మ వైపు తిరిగారు.

"మన డబ్బా ఏదే?"

"అందులో బియ్యం ఉన్నాయండీ."

"బియ్యమా! నీ అసాధ్యం కూలా!"

ఇక చూడాలి మా పరుగులు! లక్ష్మీదేవిని నేల మీద పోస్తారా అని అమ్మ అరుస్తూనే దుప్పట్లు పరిచింది, మేం డబ్బా వంచాం, బియ్యం జలజలా పారాయి. పక్కింటికి పరిగెత్తితే క్వామే ఆంటీ డబ్బా నిండా నీళ్ళు, టీచరమ్మ డబ్బాలో రగ్గులు, ఎదురింట్లో ఎండు ఖర్జూరాలు! అందరిదీ ఒకే బుద్ధి. మాకది పండగ, నాన్నకి ప్రాణసంకటం. తోసుకుంటూ, దొర్లించుకుంటూ డబ్బాలన్నీ గేట్ల ముందు పెట్టేశాం.

బండి నడుపుతున్నది జగిత్యాల నుంచి వచ్చిన రాజన్న. దిగి నాలుగు మూతలు ఎత్తి చూసి, నాన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సారూ, అన్ని కడిగి పెట్టిండ్రు. ఒక్కదాంట్ల గూడ కచర లేదు. ఏం ఎత్తాలె?"

అవతల మేనేజరు కారు మలుపు తిరుగుతోంది. నేనే ముందు అరిచాను, "తొట్టి!" అని. పిల్లల దండంతా ఇనప తొట్టి మీద పడింది. కారుతున్న సంచులు, గుడ్డుపెంకులు, చేపముళ్ళు, చేతికందింది పట్టుకుని ఒక్కో డబ్బాలో పడేశాం. "ఉరుకుండ్రి, యల్లా యల్లా!" అని రాజన్న చప్పట్లు కొట్టాడు. మరచేతులు మొదటి డబ్బాని ఆకాశంలోకి లేపి బోర్లించినప్పుడు మేం వేసిన కేకకి పిల్లులు పారిపోయాయి. మేనేజరు నాన్నకి చెయ్యి కలిపి వెళ్ళిపోయాడు.

నాన్న మాత్రం నవ్వలేదు. "ఇది మీరాడిన నాటకం. అసలు సంగతి మళ్ళీ బండి వచ్చే శనివారం తేలుతుంది" అన్నారు. క్వామే అంకుల్ అయితే పగలబడి నవ్వి, తమ ఊళ్ళో ముందు ఇంటింటికీ ఒక నీళ్ళ పీపా ఇచ్చి, ఆ తర్వాతే చెత్త డబ్బా ఇస్తానన్నాడు. ఆ మాటతో నాన్నకి దారి దొరికింది. ఆ సాయంత్రమే ఇద్దరూ బజారుకెళ్ళి వీధికంతటికీ మూతల పీపాలు తెచ్చారు. అమ్మ మా బియ్యం తిరిగి చెరిగి, రేకు పీపాలో పోసి, పచ్చ డబ్బాని బయటికి తోస్తూ ఆడపిల్లని అత్తారింటికి పంపినట్టు కళ్ళొత్తుకుంది.

శనివారం మేనేజరు లేడు, మేం బడి బస్సు కోసం నిలబడ్డాం. మేమెవ్వరం చెయ్యి వెయ్యలేదు. అయినా గేటు గేటుకీ ఒక డబ్బా, వరసగా! నాన్న మొదటి డబ్బా దగ్గరికెళ్ళి భయంభయంగా మూత ఎత్తారు. రెండోది ఎత్తారు. తర్వాత పరుగులాంటి నడకతో చివరిదాకా మూతలు ఎత్తి చూసుకుంటూ వెళ్ళారు.

ఇప్పుడు ఆ ఇళ్ళు లేవు, ఆ ఇసుకా లేదు. పెద్ద రోడ్డు పడింది. మా హైదరాబాదు వీధిలోకి రోజూ చెత్త బండి వస్తుంది, పిల్లలెవరూ గేటు దగ్గరికి పరిగెత్తరు. పెళ్ళిళ్ళలో, పరీక్షల ఫలితాల్లో, కొత్త ఇళ్ళ గుమ్మాల్లో సంతోషించే మనుషుల్ని ఎందరినో చూశాను. ఉల్లిపొట్టూ కుళ్ళిన టమాటాలూ చూసి నాన్నంతగా మురిసిపోయిన మనిషిని మాత్రం మళ్ళీ చూడలేదు.