అక్క పెదవులు

మా అక్క పుట్టు పిరికిది. బల్లి కనబడితే మంచమెక్కుతుంది. అలాంటి మనిషి, అందరూ చేతులెత్తేసిన పిల్లలకి మా బడిలో చదవడం నేర్పుతుంది. అదే బడిలో మూడో తరగతికి నేను టీచర్ని. అక్షరాలు కుదురుగా నిలవని పిల్లల్ని రోజూ కాసేపు అక్క గదికి పంపుతాను. వాళ్లది ఒట్టి బద్ధకమని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అక్క పద్ధతి ఒకటే. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒకే పాఠాన్ని తనతో కలిపి మళ్లీ మళ్లీ చదివిస్తుంది. పిల్లకి నోరు తిరిగాక తన గొంతు తగ్గించేస్తుంది. మేమంతా గువ్వ అని పిలిచే పిల్ల అలాగే దారిలో పడింది. కూడబలుక్కుంటూ చదివేది కాస్తా గడగడా చదవసాగింది. అక్క ఆనందం చూసి, "కాస్త నేల మీద నడవవే" అని ఏడిపించాను.

ఇంతలో పై ఆఫీసు నుంచి పరీక్ష పెట్టే ఆవిడ వస్తోందన్నారు. గువ్వ ఆవిడ ముందు తరగతి పుస్తకంలో పాఠం చదవలేకపోతే, ఇలాంటి పిల్లల కోసం దూరంగా ఉన్న హాస్టలు బడికి పంపేస్తారు. కుట్టుపని చేసుకునే వాళ్లమ్మ వచ్చి, "నేను పక్కన లేకపోతే అది నిద్రపోదమ్మా" అని అక్క చెయ్యి పట్టుకుంది.

పరీక్ష ముందు రోజు జలుబు చేసి అక్క మాస్కు పెట్టుకుంది. గువ్వ నోరు మెదపలేదు. పుస్తకం వంక చూడకుండా మాస్కు వంకే చూస్తోంది. అనుమానమొచ్చి అక్క మాస్కు దించింది. పిల్ల గడగడా చదివింది. మళ్లీ పైకి లాగితే ఆగిపోయింది. గొంతు తగ్గించినా తన పెదవులు కదులుతూనే ఉన్నాయని అక్కకి అప్పుడు తెలిసింది.

ఇంటికి రాగానే అక్క నాకు జరిగింది చెప్పింది. "కొంప ముంచానే. అది ఇన్నాళ్లూ నన్ను చదివింది, పుస్తకాన్ని కాదు."

"అయితే రేపు కూడా ఎదురుగా కూర్చుని పెదవులు కదుపు. ఎవరు చూడొచ్చారు?" అన్నాను.

"పై తరగతిలో ఎవరి మొహం చూస్తుందే?" అంది. అన్నం ముద్ద దిగలేదు తనకి. నిజం చెప్పొద్దూ, నాకూ దిగలేదు.

మర్నాడు పరీక్ష పెట్టే ఆవిడ గడియారం బల్ల మీద పెట్టి, పాఠం తీసి ఇచ్చింది. అక్క ఎదుటి కుర్చీలో, నేను గుమ్మం దగ్గర. గువ్వ తలెత్తి అక్క మొహం వంక చూసింది. భయంతో నాకు తెలియకుండానే నా పెదవులు కదిలాయి. అక్క మాత్రం కుర్చీ గోడ వైపు తిప్పేసుకుంది.

అక్క భుజాలు వణుకుతున్నాయి. చాలాసేపటికి గువ్వ తల వంచి, వేలు మొదటి మాట కింద పెట్టింది. మెల్లగా చదివింది. ఒక పెద్ద మాట దగ్గర తడబడి, వెనక్కి వెళ్లి, తనే సరిచేసుకుంది.

"వేగం చాలదు. కానీ చదువుతోంది. ఇక్కడే ఉండనివ్వండి," అని ఆవిడ గడియారం తీసుకుని లేచింది.

అక్క గువ్వని దగ్గరికి లాక్కుంది. "నేను అటు తిరిగానని భయమేసిందా?"

"చాలా భయమేసింది టీచర్. మీ మొహం లేదు కదా. ఇంక చూడ్డానికి పుస్తకమే ఉంది."