కరివేపాకు చెట్టు తాగిన నీళ్ళు

నా చిన్నప్పుడు మా పెరటి కరివేపాకు చెట్టును చూసి వీధిలో అందరికీ కళ్ళు కుట్టేవి. తమిళనాడులోని మా పాపిరెడ్డిపట్టిలో బావులు అడుగంటే ఎండాకాలంలో కూడా అది పచ్చగా నిగనిగలాడేది. పోపులోకి రెబ్బ కావాలంటే అందరూ మా ఇంటికే రావాలి. అదంతా తన చేతి చలవేనని మా అవ్వ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. ఆ చెట్టు ఎవరి నీళ్ళు తాగి పెరిగిందో తెలిసిన రోజున ఆమె గొప్ప కాస్తా దిగిపోయింది.

పక్కింటి అక్క చింతపండు మండిలో పనికి పోయేది. చిత్తేరి కొండల నుంచి లారీల్లో వచ్చే కాయలను కొట్టి, పెంకు తీసి, నార లాగి, గింజలు రాల్చే పని అది. పెళ్ళికాని పిల్లలు చాలామంది అక్కడే వరుసగా కూర్చుని పనిచేసేవాళ్ళు. పెద్దమనిషి అయ్యాక బడి మానేసిన అక్కకు ఇల్లు కాక వేరే లోకమంటూ ఉంటే అది ఆ మండే. పాటలు, పరాచికాలు, ఒకరి కష్టం ఒకరు చెప్పుకోవడం, అన్నీ అక్కడే. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ఆ ముచ్చట్లన్నీ చెబుతుంటే నాకు ఎప్పుడు పెద్దయి మండికి పోతానా అనిపించేది.

ఆ ఎండాకాలం అక్కకు జ్వరం పట్టుకుంది. చలి, నడుము నొప్పి, ఒంటికి పోతే మంట. తగ్గిందనుకునేలోగా మళ్ళీ వచ్చింది. మందులిచ్చిన నర్సమ్మ నీళ్ళు బాగా తాగమంటే అక్క తల ఊపి వచ్చింది. వీధిలోవాళ్ళు మాత్రం ముక్తకంఠంతో చింతపండు తిని వేడి చేసిందని తేల్చేశారు. మండి పిల్లల బుగ్గలో ఎప్పుడు చూసినా ఒక చింతపండు ముక్క ఉండే మాట నిజమే. పెళ్ళికాకముందే ఈ పులుపు పిచ్చి ఏమిటే అని పెద్దవాళ్ళు వాళ్ళను ఆటపట్టించేవాళ్ళు. ఈసారి జ్వరం వస్తే మండి మాన్పిస్తానని వాళ్ళమ్మ ఖండితంగా చెప్పేసింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చింది. అంత నవ్వే మనిషి ఏడుస్తుంటే నాకు భయం వేసింది.

ఒకరోజు సాయంత్రం అవ్వ పెరట్లో చీపురు పట్టుకుని ఉంది. పని నుంచి వచ్చిన అక్క ఇంట్లోకి పోకుండా కంచె దగ్గరికి వచ్చి, పొద్దున నింపుకుపోయిన చెంబును మా కరివేపాకు మొదట్లో వంచింది. చెంబు నిండుగానే ఉంది. నిండు చెంబుతో ఇంట్లోకి పోతే వాళ్ళమ్మ తిడుతుందని రోజూ ఇలాగే పోస్తోందట. అవ్వ చీపురు పక్కన పెట్టి అక్క చెయ్యి పట్టుకుంది.

“నీళ్ళు చెట్టుకు పోసి నువ్వు ఎండిపోతా ఉండావు గదే పాపా! ఎందుకే?”

అక్క నేల చూస్తూ చెప్పింది. మండిలో ఆడపిల్లలు ఒంటికి పోవడానికి చోటు లేదు. ముందు రోడ్డు, పక్కన టీకొట్టు, ఎటు చూసినా లారీల మగవాళ్ళు. పొద్దున ఇంట్లో పోయివస్తే మళ్ళీ సాయంత్రం ఇంటికి వచ్చాకే. అంతసేపు ఆపుకోవాలంటే నీళ్ళు తాగకూడదు. దాహమేస్తే బుగ్గలో చింతపండు ముక్క పెట్టుకుంటే నోట్లో నీళ్ళూరతాయి. కొత్తగా పనికి వచ్చిన పిల్లకు పాతవాళ్ళు మొదట నేర్పే విద్య ఇదేనట. ఊరంతా పులుపు పిచ్చి అనుకున్నది ఇదన్నమాట.

ముదలాళిని అడగకపోయారా అంది అవ్వ. మండి యజమానిని అందరూ అలాగే పిలిచేవాళ్ళు.

“మగాయన్ని పట్టుకోని అదెట్ల అడిగేది అవ్వా? సిగ్గుతో చచ్చిపోతాను” అంది అక్క.

మర్నాడు అవ్వ తనూ మండికి పనికి బయలుదేరింది. బడికి సెలవులు కాబట్టి నేనూ వెంటపడ్డాను. ముదలాళివాళ్ళు కూడా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళే. పాత పరిచయంతో ఆయన సంతోషంగానే కూర్చోమన్నాడు. అవ్వ వాకిలి దగ్గర చోటు చూసుకుని, చెంబెత్తి గటగటా తాగింది. కాసేపు గింజలు తీసి, లేచి, లారీవాళ్ళతో బేరం చేస్తున్న ఆయన ముందు నిలబడి గొంతెత్తింది.

“ఏమప్పా, నేను ఒంటికి పోవాల. యాడికి పోయేది?”

బేరం ఆగిపోయింది. ఆయన ఎటూ చూడలేక, వెనకవైపు చెయ్యి ఊపి అట్ల పో పెద్దమ్మా అన్నాడు.

“ఆడ టీకొట్టు కాడ మగోళ్ళు కూచోని ఉండారు. నువ్వొచ్చి దుప్పటి అడ్డం పట్టుకోనుంటావా?”

లారీవాళ్ళు పగలబడి నవ్వారు. ముదలాళి గబగబా లేచి, మండిని ఆనుకుని ఉన్న తన ఇంటి తలుపు తీశాడు. కడిగిన నేల మీద చింతపండు దుమ్ము కాళ్ళతో అవ్వ దర్జాగా నడిచిపోయింది. వచ్చి మళ్ళీ తాగింది. మళ్ళీ లేచింది. మళ్ళీ అదే ప్రశ్న, అంతే గట్టిగా. పిల్లలు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకున్నారు. మధ్యాహ్నానికి అవ్వ వాళ్ళవైపు తిరిగి, తాగండే, నేనుండాను గదా అంది. ఒకరి వెనక ఒకరు తాగారు. ఒకరి వెనక ఒకరు అవ్వ వెంట నడిచారు. అక్క అందరికంటే చివర, ముఖం కొంగులో దాచుకుని వెళ్ళింది. వీళ్ళందరి పని ఇక పోయినట్టే అనిపించింది.

ఇంత ఊరేగింపు చూసి ముదలాళి భార్య బయటికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. ఆమె మొగుడివైపు తిరిగింది.

“ఇంతమంది ఆడబిడ్డల్ని పెట్టుకోని పని చేపిస్తా ఉండావే! ఇన్నాళ్ళూ వీళ్ళు యాడికి పోతా ఉండారని ఒక్కదినమన్నా అడిగితివా?” అంది. తర్వాత గొంతు తగ్గించి అవ్వతో, “నేనూ అడగలేదు లే పెద్దమ్మా” అంది.

ఆ వారంలోనే మండి వెనక మూలలో తడికలు లేచాయి. తలుపు బదులు గోనెసంచి, లోపల నీళ్ళ డ్రమ్ము. దానికి గోడ, గొళ్ళెం రావడానికి ఇంకో ఏడాది పట్టింది, ముదలాళి సణుగుడు మాత్రం ఎప్పటికీ పోలేదు. అయితేనేం, అక్క నీళ్ళు తాగింది. మిగిలిన మాత్రలు వేసుకుంది. జ్వరం మళ్ళీ రాలేదు, వాళ్ళమ్మ మండి మాన్పించనూ లేదు. సాయంత్రాలు మా అరుగు మీద ముచ్చట్లు మళ్ళీ మొదలయ్యాయి. పాపం కరివేపాకు చెట్టే వాడిపోయింది. అవ్వ నవ్వుకుంటూ బియ్యం కడిగిన నీళ్ళు పోసి దాన్ని బతికించుకుంది.

అందరి ముందు అట్ల అరిచినావే, నీకు సిగ్గు కాలేదా అవ్వా అని ఆమెను అడిగాను.

“అడగందే అమ్మైనా పెట్టదంటారు. వయసు పిల్లలు నోరు తెరిచి అడగలేరు. అందుకేనే దేవుడు ముసలోళ్ళకు సిగ్గు తీసేసేది” అంది.

ఇప్పుడు నా తలా నెరిసింది. ధర్మపురిలో బట్టల కొట్లకు పోతే, చీరలు పరిచి చూపించే పిల్లలు పొద్దుటి నుంచి నిలబడే ఉంటారు. వాళ్ళ ఎండిన పెదవులు చూస్తే నాకు తెలిసిపోతుంది. చీర చూడకముందే కొట్టు మేనేజరును పిలిచి, ఇక్కడ ఒంటికి పోవడానికి చోటెక్కడ, ఈ పిల్లలను పోనిస్తారా అని అందరికీ వినబడేలా అడుగుతాను. నా కూతురు నేనెవరో తెలియనట్టు పక్క వరుసలోకి తప్పుకుంటుంది. మొన్న ఒక కొట్టులో మేనేజరు నీళ్ళు నమిలి, పోనిస్తాం అమ్మా అన్నాడు. నాకు చీరలు చూపిస్తున్న పిల్ల బల్ల కింద నుంచి బాటిల్ తీసి, ఆయన చూస్తుండగానే సగం తాగేసింది.

ఇంటికి వచ్చే దారిలో, నిజంగా నీకు అంత అవసరం వచ్చిందా అమ్మా అని కూతురు నిలదీసింది. రాలేదన్నాను. ఆ రోజు మండిలో మా అవ్వకు మాత్రం అన్నిసార్లు వచ్చిందా ఏమిటి?