మూడో అంతస్తులో లేని మనిషి

మా మేనత్త డ్యూటీలోకి దిగగానే చేసే మొదటి పని, గొట్టంలో తల దూర్చి పైకి కేకేయడం. "వచ్చానర్రా, వదలండి!" ఆసుపత్రి నేలమాళిగలోని లాండ్రీ అది. ఐదు అంతస్తుల మాసిన దుప్పట్లూ ఆ వెడల్పాటి రేకు గొట్టంలోంచే జారి కిందికొస్తాయి. ఇరుక్కుంటే నడుం దాకా లోపలికి వంగి కర్రతో లాగుతుంది. పంతొమ్మిదేళ్లుగా అదే పని.

కిందటేడు ఉద్యోగులందరి మెడల్లో బిళ్లలు వేశారు. బిళ్ల ఎప్పుడూ సిగ్నల్ పంపుతూ ఉంటుంది. పైకప్పులకి బిగించిన డబ్బాల్లో దేనికి అది గట్టిగా అందితే, మనిషి అక్కడున్నట్టు కంప్యూటర్ రాసుకుంటుంది. లాండ్రీలో డబ్బా పెట్టలేదు. ఇనప తలుపుకి అవతల, వరండాలో ఉన్నది చాలనుకున్నారు.

నెల తిరక్కుండా మేనేజరు పిలిచి కాగితం చేతిలో పెట్టాడు. రోజూ గంటసేపు మూడో అంతస్తు టీ గదిలో కూర్చుంటోందట. తప్పొప్పుకుని సంతకం చేస్తే మందలింపుతో సరి. లేదంటే ఉద్యోగం పోతుంది.

"టీ గదా? దాని తలుపు ఏ రంగో కూడా నాకు తెలీదు సార్."

"కంప్యూటర్ అబద్ధమాడదమ్మా."

"ఆడదు, పొరబడుతుంది. దానికి బిళ్ల గోల వినబడుతుంది గానీ నా కాళ్లు కనబడతాయా?"

కాగితంలో టైములు ఒక్కొక్కటే చదివింది. అన్నీ దుప్పట్లు దిగే వేళలే. మూడో అంతస్తులో గొట్టం మూత టీ గది పక్కనే ఉంటుంది. తను గొట్టంలోకి వంగినప్పుడల్లా బిళ్ల సిగ్నల్ అందులోంచి పైకెక్కి, అక్కడి డబ్బాకి అందుతోందన్నమాట. బిళ్ల తీసి మేనేజరు చేతికిచ్చింది.

"వేసుకుని కిందికి రండి సార్."

ఆయన గునుస్తూనే దిగి, గొట్టంలోకి వంగాడు. రెండు నిమిషాలకి స్క్రీన్ చూసే గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, ఆవిడ మళ్లీ టీ గదిలోనే ఉంది!"

"ఆవిడ కాదయ్యా, నేను!" గొట్టంలోంచే అరిచాడు మేనేజరు.

బయటికొచ్చి చొక్కా దులుపుకున్నాడు. "సరే, తప్పు గొట్టానిదే. కానీ రిపోర్టు పైకి వెళ్లిపోయింది. ఓ సంతకం పడేయ్, గొడవ వదిలిపోతుంది."

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను. తప్పు గొట్టానిదైతే సంతకం గొట్టంతోనే పెట్టించుకోండి. పొరపాటు మీదేనని రాసిచ్చేదాకా దుప్పటి ముట్టను."

పై అంతస్తుల దుప్పట్లు ధబ్ ధబ్‌మని పడుతూనే ఉన్నాయి. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. గొట్టం రెండో అంతస్తు దాకా నిండాక ఆయన కలం తీశాడు.

మా అత్త ఇప్పటికీ అదే లాండ్రీలో, పొద్దుటి డ్యూటీలో ఉంది. బిళ్ల మాత్రం వేసుకోదు.