సమాయిల్ తోటలో ఎనిమిది చక్రాల గూడ్సు ఇంజను

గూడ్సు ఇంజన్ల పిచ్చి నాకు చిన్నప్పుడే పట్టింది. ఒమాన్‌లో ఇంకా ప్యాసింజరు రైలు తిరగదు కనుక, రాజధానిలో, అల్ ఖువైర్‌లోని మా ఫ్లాట్‌లోనే ఓ ఇంజను కట్టుకున్నాను. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సరుకు లాగడానికి బ్రిటన్ నుంచి ఈ ఎడారి దేశాల వైపూ వచ్చిన 8ఎఫ్ తరగతి ఆవిరి ఇంజనుకు అది పికప్ బండిలో పట్టేంత నమూనా. ముందు రెండు చిన్న చక్రాలు, వెనక ఎనిమిది పెద్దవి, లోపల నిజం బొగ్గు. దానికి పట్టాలు వేసింది రాజన్న. జగిత్యాల మనిషి, సమాయిల్‌లో ఓ ఖర్జూరం తోటలో వెల్డరు. సెలవులన్నీ ఆ తోటలో లైను వేయడానికే ధారపోశాడు. తోట యజమాని, ముసలి అర్బాబు, ఒకటే షరతు పెట్టాడు. ఆ శుక్రవారం ఇంజను పళ్ళ పెట్టెలను షెడ్డుదాకా లాగితే సరి, లేదంటే పట్టాలు పీకించి నీటి పైపులు వేయిస్తానన్నాడు.

శుక్రవారం తెల్లవారి అయిదింటికి ఇంజనును అద్దె పికప్‌లో ఎక్కించుకుని బయలుదేరాను. బాడుగ పదిహేను రియాళ్ళు. నిజ్వా హైవే మీద గంట దాటిందో లేదో సమాయిల్ తోటలు కనిపించాయి. రాజన్న పసుపు, కుంకుమ, నిమ్మకాయలతో గేటు దగ్గరే ఉన్నాడు. కారుకు నాలుగు పెడతాం కనుక దీని ఎనిమిది పెద్ద చక్రాలకు ఎనిమిది పెట్టాలని ఇద్దరం తీర్మానించాం. ఇంజనును పట్టాల మీదికి దించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తోస్తే అన్నీ చక్కగా చితికాయి. ఆవిరి పట్టి, పెట్టెల బళ్ళు తగిలించి ఆవిరి వదిలే రెగ్యులేటరు తెరిస్తే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. నిమ్మరసం! అర్బాబు పక్కన తెచ్చి పెట్టిన పైపుల కట్టల వైపు చూశాడు.

"పూజ మనమే జేసినం, పట్టాలు మనమే ఖరాబు జేసినం సార్," అన్నాడు రాజన్న.

అసలు 8ఎఫ్ జారితే పట్టాల మీద ఇసుక రాలుస్తుందని అప్పుడు గుర్తొచ్చింది. మా ఇంజను మీది ఇసుక డబ్బాలు ఉత్త అలంకారం.

"జెర ఆగుండ్రి సార్, వాగుల మస్తుగున్నది," అంటూ రాజన్న బకెట్ పట్టుకుని పరిగెత్తాడు.

పట్టాలు కడిగి తుడిచాం. అతను ముందు నడుస్తూ గుప్పెళ్ళతో ఇసుక చల్లాడు. ఇంజను ఓసారి గింజుకుని, పట్టు దొరికి, పెట్టెలన్నిటినీ షెడ్డుకు చేర్చింది. రెండో ట్రిప్పులో అర్బాబు పొడుగు అంగీ దిష్‌దాషా సర్దుకుని ఆఖరి బండి మీద కూర్చున్నాడు. దిగాక చేతికర్రతో కాలువ అవతలి చెట్లను చూపించి, అక్కడిదాకా ఎప్పటికి వేస్తావని రాజన్నను అడిగాడు.

ఇంజను నాది, పట్టాలు అతనివి అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి రెండూ మా ఇద్దరివీ అనిపిస్తోంది, చాలా సంతోషంగా ఉంది. మీరూ వెళ్ళేట్టయితే గేటు దగ్గర అనుమతి అడగండి, మందపాటి గ్లౌజులు తీసుకెళ్ళండి. పట్టాలు ఎండకు చురుక్కుమంటాయి, రాజన్న ఎవర్నీ ఊరికే కూర్చోనివ్వడు.