అటక మీది కిరీటం

ఇది ఒక రాజుగారి కథ. కిరీటం కనపడక కుమిలిపోయిన రాజు, శత్రువు కోటలో అడుగుపెట్టిన వేళ ఆ కిరీటాన్ని తెగించి కాపాడిన రాణి, నది దాటి సముద్రం అంచు దాకా సాగిన ప్రయాణం, అన్నీ ఉన్నాయి. పర్వాలు పర్వాలుగా రాయొచ్చని తెల్లకాగితాలు కూడా తెప్పించాను. తీరా కూర్చుంటే, ఆ రాజుగారు బందరులో ఒక ప్రభుత్వాఫీసు గుమాస్తా అని గుర్తొచ్చింది. కోట అంటే మేము అద్దెకున్న రెండు గదుల వాటా. శత్రువు మా అమ్మ. నది మీద వంతెన ఉంది, బస్సులు తిరుగుతాయి. కాబట్టి పర్వాలు మానేసి జరిగింది చెప్తాను.

పోయిన వారం ఇంటికి రంగులు వేయిస్తూ అటక మీది సామానంతా దించాం. మా అమ్మాయి ఒక ఇనప్పెట్టె తెరిచి, నల్లబడిన కిరీటం ఒకటి పైకి తీసి, "అమ్మా, ఇది ఏ దేవుడిది?" అంది. "మీ నాన్నది," అన్నాను. అది మెట్ల మీద కూలబడి నవ్వింది. వాళ్ళ నాన్న పేపరు చదువుకుంటున్నారు. ఆ పేపరు కొంచెం పైకి లేచి ఆయన మొహానికి అడ్డం వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆయన దాచుకునే పద్ధతి అదే. ఏదో దాస్తున్నారని వీధి చివరికి తెలిసేలా దాస్తారు.

ఆయన దాచినవి నాటకం సామాన్లు. పౌరాణిక నాటకాలంటే మా ఆయనకి ప్రాణం. ఈ సంగతి పెళ్ళికి ముందు మాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే పెళ్ళి జరిగేది కాదు. మా అమ్మ పుట్టిల్లు పామిడిముక్కల పక్కన. వాళ్ళ నాన్న, అంటే మా తాతగారు, ఆ చుట్టుపక్కల పేరుమోసిన రాజు వేషం. ఆయన పద్యం ఎత్తుకుంటే జనం వన్స్ మోర్ అనేవాళ్ళట. ఆయన మళ్ళీ పాడేవారట. ఆ ఉత్సాహంలో సొంత నాటక సమాజం పెట్టి, ఊరూరా తిప్పి, వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టారు. ఒక్కో వన్స్ మోర్‌కీ ఒక్కో మడిచెక్క పోయింది. మనవరాలిగా నాకు దక్కింది ఆయన ఫోటో. అందులో ఆయన దర్జాగా నిలబడి ఉంటారు. వెనక తెర మీద కోట ఉంది, ఉద్యానవనం ఉంది, వరిపొలం మాత్రం లేదు. మా అమ్మ చిన్నప్పుడు హార్మోనిస్టుకి నెయ్యి వడ్డించాక గిన్నెలో మిగిలితే పిల్లలకట. ఆ నెయ్యి సంగతి ఆవిడ ఎప్పటికీ మర్చిపోలేదు.

అందుకే పెళ్ళిచూపుల్లో మా అమ్మ జీతం అడగలేదు, అలవాట్లు అడగలేదు. "బాబూ, మీరు పద్యాలు పాడతారా?" అని ఒక్కటే అడిగింది. "పాడనండీ," అన్నారు ఆయన. తర్వాత స్నానాలగది తలుపు ఇవతలి నుంచి విన్నదాన్ని బట్టి ఆ మాట పూర్తిగా అబద్ధమని నేను ఇప్పటికీ అనలేను.

తొంభైలు అయిపోతున్న రోజులవి. ఫోన్లు ఇంకా పక్కింట్లోనే ఉండేవి. ఒకరోజు బూజు దులుపుతుంటే అటక మీది పెట్టెలో వడ్డాణం దొరికింది. కొత్తది, మెరుస్తోంది. పెళ్ళిరోజు దగ్గర పడుతోంది, నా కోసమేనని ఒక్క నిమిషం సంతోషించాను. రెండో నిమిషంలో, నాకయితే ఇంత లోపల ఎందుకు పెడతారు, ఇంకెవరికోసమో, అనిపించింది. పెట్టుకుని చూశాను. నా నడుం చుట్టూ తిరిగి, ఇంకొకరికి కూడా సరిపడేంత మిగిలింది. అది ఆడదాని కొలత కాదు. కింద వెతికితే భుజకీర్తులు, ఒక జత మీసాలు, చచ్చిన పిల్లిలాంటి విగ్గు బయటపడ్డాయి. విగ్గు చూసి అంత సంతోషించిన ఇల్లాలు బందరులో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అడగలేదు. అడిగితే మానేస్తారు. నాటకాల రిహార్సలు నుంచి ఇంటికొచ్చిన మనిషి, ఆఫీసు నుంచి వచ్చిన మనిషి ఒకరు కారు. మొదటి మనిషి జోకులు వేసేవారు, అన్నం బాగుందనేవారు. పైగా చిలకలపూడి గిల్టు షాపులో ఏదైనా కొన్న రోజున, మనసులో గుచ్చుకునేది కాబోలు, నాకు బందరు హల్వా తెచ్చేవారు. పొట్లం సైజును బట్టి ఏం కొన్నారో చెప్పగలిగేదాన్ని. కిరీటం కొన్న రోజున వచ్చిన పొట్లం మా వాటాలోనే కాదు, పక్క వాటాలో కూడా పంచాను.

రాగిరేకు మీద బంగారు పూత, చుట్టూ వేలాడే ముత్యాల్లాంటి పూసలు, పనసకాయంత కిరీటం. పెట్టెలో పెడితే మూత పడేది కాదు. సందులోంచి తొంగిచూస్తూ ఉండేది. దాని వెనక కథ నాకు మా ఆయన ఆడే సమాజంలో హార్మోనిస్టు భార్య కూరల బండి దగ్గర చెప్పింది. అప్పటిదాకా మా ఆయనకి సైనికుడి వేషాలే. ఈటె పట్టుకుని నిలబడటం, రాజుగారు రమ్మంటే రావడం. ఈసారి హంసలదీవి వెళ్ళే దారిలో ఒక ఊళ్ళో అమ్మవారి సంబరాలకి నాటకం ఒప్పుకున్నారు. రాజు వేషం వేసే ఆయనకి గొంతు పోయింది. సొంత కిరీటం ఉంటే ఆ వేషం నీకిస్తానని నాటకాల కంట్రాక్టరు మా ఆయనతో అన్నాడు. నాకు మాత్రం మా ఆయన, "ఆ రోజు అవనిగడ్డలో ఆఫీసు పని, రాత్రికి అక్కడే ఉండిపోవాలి," అని చెప్పారు. జాగ్రత్త అన్నాను.

సరిగ్గా అదే రోజున మా అమ్మ వస్తున్నట్టు ముందు రోజు పక్కింటికి ఫోనొచ్చింది. నాకు ఏడో నెల. పురిటికి తీసుకెళ్ళడానికి వస్తోంది. ఒక రాత్రి ఉండి, పొద్దున్నే నన్ను గుడివాడలో మా పుట్టింటికి తీసుకెళ్తుంది. కొత్తావకాయ జాడీ తెస్తున్నాననీ, అటక మీద పెట్టించాలనీ కూడా చెప్పిందట. కిరీటం ఉన్నది ఆ అటక మీదే. నా పెళ్ళప్పుడే ఆవిడ పదిమందిలో అంది, "నాటకాలాడే కొంపలో నా పిల్లని ఒక్క పూట ఉంచను," అని. ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. కిరీటం కంటపడితే గుడివాడ వెళ్ళడం ఖాయం. తిరిగి రావడమే అనుమానం.

మర్నాడు ఆయన ఆఫీసుకి వెళ్ళగానే మంచం మీద నిలబడి, బూజుకర్రతో కిరీటాన్ని లాగాను. అది వచ్చి నా తల మీద పడింది. కాసేపు రాణిగా ఉండి, దిగి, దాన్ని పెద్ద ఇడ్లీ పాత్రలో పెట్టి మూత పెట్టాను. కిరీటం లేని పెట్టెకి మూత చక్కగా పడింది. ఆయనతో చెప్పొచ్చు కదా అంటారేమో. చెప్తే ఆయన మొహం మీద అచ్చయిపోతుంది. మా అమ్మకి కళ్ళజోడు లేకుండా కనిపించేది అదొక్కటే.

అమ్మ పొద్దుటి పాసింజరుకి దిగింది, ఒక చేత్తో జాడీ, ఇంకో చేత్తో గోనెలో చుట్టిన పనసకాయ. "అల్లుడుగారికని తెచ్చాను. మోయలేక చచ్చాననుకో," అంది. మధ్యాహ్నం ఆయన సగం రోజు సెలవు పెట్టి వచ్చారు. నేను పడుకుని ఉంటానని ఆయన లెక్క. అత్తగారు అప్పటికే దిగి, ఫ్యాను కింద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంటుందని లెక్కలో లేదు. అయినా బల్ల వేసుకుని అటకెక్కారు. పెట్టె తెరిచిన చప్పుడు, తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.

"ఏం వెతుకుతున్నారు?" అన్నాను కిందనుంచి.

"టార్చిలైటు."

"చేతిలోనే ఉందిగా."

"ఇది కాదు. ఇంకోటి."

మా ఇంట్లో ఇంకోటి లేదు. అమ్మ హాల్లోంచి, "అల్లుడుగారు పైకెక్కారా? అయితే ఆ జాడీ కూడా పెట్టెయ్యమనవే," అంది. ఆయన జాడీ పెట్టి, చెమటలు కారుతూ దిగారు. రాజ్యం పోయిన రాజు మొహం ఎలా ఉండాలో అలా ఉంది. ఆ మొహం స్టేజీ మీద వచ్చి ఉంటే ఆయన జీవితం వేరేగా ఉండేది. మిగతావి ఆఫీసు సంచిలో కుక్కుకుని, కుర్చీలో కూర్చుని, నేల వైపు చూస్తున్నారు. దొంగతనం జరిగిందని ఎవరికీ చెప్పుకోలేని మనిషి దుఃఖం చూడ్డానికి బాగుండదు. సాయంత్రం బస్సుకి ఇంక ఎంతోసేపు లేదు.

అంతలో అమ్మ లేచి వంటింట్లోకి వచ్చింది. "రేపు పొద్దున్న అల్లుడుగారికి ఇడ్లీలు వేసిపెట్టి వెళ్దాం. పెద్ద పాత్ర తియ్యి."

"దానికి చిల్లి పడిందమ్మా."

"ఏదీ, చూడనీ."

"చూడ్డానికేం ఉంది, చిల్లి."

"నువ్వు జరగవే," అంది అమ్మ. అప్పుడే పాలవాడు పిలిచాడు. వాడు రోజూ ఆలస్యంగా వస్తాడని తిట్టిపోసేదాన్ని, ఆ రోజు నుంచి మానేశాను. అమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళి వచ్చేలోగా పనసకాయని స్నానాలగదిలో నీళ్ళకాగులో వేసి మూత పెట్టాను. గోనెలోకి కిరీటం వెళ్ళింది.

"ఏమండీ," అన్నాను హాల్లోకి తెచ్చి, "ఈ పనసకాయ అవనిగడ్డలో మీ ఆఫీసరుగారికి ఇవ్వండి."

"అదేంటే, అల్లుడుగారికని తెస్తే," అంది అమ్మ.

"ఆయనకి పడదమ్మా."

"నాకు పడుతుందే," అన్నారు ఆయన నీరసంగా. "ఇష్టం కూడా."

"మీకు పడదు," అన్నాను, ఒక చూపు చూసి. ఆ చూపు వెనక కారణం ఆయనకి ఎప్పుడూ తెలియదు గానీ, వినాలని మాత్రం తెలుసు. లేచి మూట ఎత్తారు. "తేలిగ్గా ఉందే," అన్నారు.

"తేలిగ్గానా?" అంది అమ్మ.

"మగవాళ్ళకి తేలిగ్గానే ఉంటుందమ్మా," అన్నాను. గుమ్మం దాటుతుంటే ఆయన కాలు గడపకి తగిలింది. మూట గల్లుమంది. అమ్మ ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, "స్నానం చేసొస్తాను," అంది.

స్నానాలగదిలోంచి పిలుపు వచ్చింది. వెళ్ళాను. కాగు మూత ఆవిడ చేతిలో ఉంది. లోపల పనసకాయ. ఇద్దరం దాన్నే చూస్తూ నిలబడ్డాం.

"మరి ఆ గోనెలో ఏముంది?"

చెప్పడానికి అబద్ధాలు మిగల్లేదు. "కిరీటం," అన్నాను.

అమ్మ పీట మీద కూర్చుంది. "నీకు చెప్పాడా?"

"లేదు. నాకు తెలియకుండా దాచారు."

"మరి నువ్వెందుకు మోశావే?"

"అది లేకపోతే మళ్ళీ ఈటె ఇస్తారమ్మా."

ఆవిడ నా పొట్ట వైపు చూసింది, కాగు వైపు చూసింది. సంచీ సర్దుకోమంటుందనుకున్నాను. "బాగా పాడతాడా?" అంది చివరికి.

"లేదమ్మా."

"నిజం చెప్పు."

"నీ మీద ఒట్టు. ఆయన ఎత్తుకుంటే పక్కింటివాళ్ళు రేడియో పెంచుతారు."

ఆవిడ మొహం మీద ముడతలు ఒక్కొక్కటే విడిపోయాయి. "అయితే భయం లేదు," అంది లేస్తూ. "మా నాన్న బాగా పాడేవాడు. కొంప మునిగింది అందుకే. పాడలేనివాణ్ణి ఎవరూ రెండోసారి అడగరు. కత్తిపీట, నూనె పట్రా, కాయ కోద్దాం."

అవతల ఏం జరిగిందో ఆయన నాకు చాన్నాళ్ళ తర్వాత చెప్పారు. ఇవ్వడానికి ఆఫీసరు లేడు కనక, కిరీటం తేలేదని కంట్రాక్టరు కాళ్ళు పట్టుకునే ముందు పనసకాయ అయినా చేతిలో పెడదామని తెర వెనక గోనె విప్పారట. లోపల కిరీటం. మా ఆయన అక్కడే చాపమీద కూర్చుండిపోయారట.

పొద్దున మొదటి బస్సుకి వచ్చారు. అమ్మ ఇడ్లీలు పెట్టింది, పెద్ద పాత్రలోవే. "పనసకాయ బాగుందన్నారు," అన్నారు నాతో, కళ్ళెత్తకుండా. "తొనలున్నాయా?" అన్నాను. "ఉన్నాయి," అన్నారు.

"అల్లుడుగారూ, చెవి వెనక ఎరుపుంది, కడుక్కోండి," అంది అమ్మ.

"ఆఫీసులో సిరా అండీ అత్తయ్యగారూ."

"ఊఁ. మా నాన్నకీ అక్కడే అంటుకునేది," అని ఇంకో ఇడ్లీ వేసి, దాని మీద నెయ్యి వేసింది. గిన్నె వంచి, మిగిలింది కూడా వేసింది.

అమ్మ చెప్పినట్టే జరిగింది. ఆ ఊరివాళ్ళు గానీ, వేరే ఊరివాళ్ళు గానీ ఆయన్ని మళ్ళీ రాజుని చెయ్యలేదు. కిరీటం అటకెక్కింది. మేము ఇల్లు మారినప్పుడల్లా అదీ మాతో వచ్చింది. మొన్న మా అమ్మాయి దాన్ని వాళ్ళ నాన్న తల మీద పెట్టి, మళ్ళీ పూత వేయిద్దామంది. ఒక్క రాత్రి మెరుపుని కాలం ఇన్నేళ్ళు ఎలా దాచిపెట్టిందో అని ఏదో రాయబోయాను గానీ, ముందు చిలకలపూడి వెళ్ళి కనుక్కున్నాం. పూత ఏడాది ఉంటుందట. బందరు ఉప్పుగాలికి ఆర్నెల్లే.